ఇంగ్లిషు సందేహాలు: ఇన్‌ఫార్మ్ ఎవరికి? ఎవరిని?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ‘ఇన్‌ఫార్మ్’ అన్న ఒక్క మాట చుట్టూనే తిరిగాయి. ఒకరికి ‘టు’తో పేచీ, ఒకరికి ఫారంలో గడితో పేచీ, ఒకావిడకి కొడుకుతో పేచీ. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి దాచాను. పంపినవాళ్లు కోప్పడకండి.

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. రాజోలు దగ్గర డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. సెలవు చీటీలో ‘ఐ విల్ ఇన్‌ఫార్మ్ టు యు’ అని రాస్తే మా లెక్చరర్ గారు ‘టు’ మీద ఎర్ర ఇంకుతో గీత కొట్టారు. ఎందుకని అడిగితే ‘అది అంతే’ అన్నారు. మనం ‘మీకు తెలియజేస్తాను’ అంటాం కదా! ఆ ‘కు’ ఎక్కడికి పోయింది? మా ఊళ్లో అతికించే నోటీసుల్లో కూడా ‘ఇన్‌ఫార్మ్ టు’ అనే ఉంటోంది.

జవాబు: ముందుగా, నేను గురువుని కాదమ్మా. ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. నా ఇంగ్లిషు ఫైళ్ల మధ్య పెరిగింది. అందుకే ఈ ‘టు’తో నాకు పాత పరిచయం.

మీ లెక్చరర్ గారు గీత కొట్టడం సబబే. ‘అది అంతే’ అనడం మాత్రం నాకు నచ్చలేదు. అడిగిన పిల్లకి కారణం చెప్పాలి.

తెలుగులో ‘నేను తెలుసు’ అనం, ‘నాకు తెలుసు’ అంటాం. సంగతి వచ్చి మనల్ని చేరుతుంది, మనం దాన్ని అందుకుంటాం. ఆ ‘తెలియు’ నుంచి వచ్చిన ‘తెలియజేయు’ కూడా అదే ‘కు’ని వెంటబెట్టుకుని వస్తుంది. ‘ఇంజనీరు గారికి గండి సంగతి తెలియజేశాను’ అన్నప్పుడు తెలియజేసింది సంగతిని. ఇంజనీరు గారు దాన్ని అందుకున్న మనిషి.

ఇంగ్లిషు ‘ఇన్‌ఫార్మ్’ దీనికి తిరగేసి నడుస్తుంది. లాటిన్‌లో ‘ఇన్‌ఫార్మారే’ అంటే రూపం ఇవ్వడం, మలచడం. ఆ మాట ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లిషులోకి వచ్చింది. మనిషి మనసుకు రూపం దిద్దడం, బోధించడం అన్న అర్థం నుంచి సంగతి ఎరుకపరచడం దాకా సాగింది. పని మాత్రం మనిషి మీదే జరుగుతుంది. కుమ్మరి కుండను మలుస్తాడు, ‘కుండకు మలిచాడు’ అని ఎవరూ అనరు కదా. అలాగే ‘ఇన్‌ఫార్మ్’ అన్న వెంటనే మనిషి రావాలి, మధ్యలో ‘టు’కి చోటు లేదు.

గుర్తుపెట్టుకోవడానికి మన తెలుగులోనే ఒక తోవ ఉంది. ‘తెలియజేయు’ని పక్కన పెట్టి ‘హెచ్చరించు’ని తలుచుకోండి. ‘లంక గ్రామాల ప్రజలను హెచ్చరించారు’ అంటాం, ‘ప్రజలకు హెచ్చరించారు’ అనం. ‘అడుగు’ కూడా అంతే: ఆయన్ని అడిగాను. ‘ఇన్‌ఫార్మ్’ ఈ వరసలోది.

మనిషి తర్వాత సంగతి ఎలా చెప్పాలి? సంగతి ఒక పేరుగా ఉంటే ముందు ‘ఆఫ్’ గాని ‘ఎబౌట్’ గాని వస్తుంది. వాక్యంగా ఉంటే ‘దట్’ వస్తుంది. ‘ది లస్కర్ ఇన్‌ఫార్మ్‌డ్ ది ఇంజనీర్ ఆఫ్ ది బ్రీచ్.’ లస్కరు, అంటే కాలువల దగ్గర కాపలా పని చూసే కింది ఉద్యోగి, ఇంజనీరుకు గండి సంగతి చెప్పాడు. ‘ది లస్కర్ ఇన్‌ఫార్మ్‌డ్ ది ఇంజనీర్ దట్ ది బండ్ హ్యాడ్ బ్రీచ్‌డ్.’ గట్టుకి గండి పడిందని చెప్పాడు. ‘ఆఫ్’కీ ‘ఎబౌట్’కీ సన్నని తేడా ఉంది. జరిగిన విషయాన్ని ఉన్నదున్నట్టు చేరవేస్తే ‘ఆఫ్’ బాగుంటుంది: ఆయన బదిలీ అయ్యాడన్న సంగతి. దాని చుట్టూ ఉన్న వివరాలు చెబితే ‘ఎబౌట్’: బదిలీల నిబంధనలు, ఎవరికి ఎక్కడ ఖాళీ, వగైరా. ఈ తేడాని పట్టుకుని మరీ కంగారు పడక్కర్లేదు. చాలా చోట్ల రెండూ చెల్లుతాయి.

రిమైండ్, వార్న్, అష్యూర్, కన్విన్స్ కూడా ‘ఇన్‌ఫార్మ్’లాగే మనిషిని ముందు పెట్టుకుంటాయి. ఎక్స్‌ప్లెయిన్, అనౌన్స్, మెన్షన్, సజెస్ట్, డిస్క్రైబ్ అనేవి ఇంకో వరస. వీటికి సంగతి ముందు, మనిషి ‘టు’తో తర్వాత. ఇక్కడ తమాషా ఏమిటంటే, మనవాళ్లు ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అంటారు. ‘టు’ కావలసిన చోట తీసేసి, వద్దన్న చోట తెచ్చి పెడతారు! ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ’, ‘ఇన్‌ఫార్మ్ మీ ఆఫ్ ఇట్’. ఈ రెండూ జంటగా పైకి పది సార్లు చదువుకోండి, నోటికి అలవాటవుతుంది.

ఇక ‘టెల్’. ఇది రోజూ ఇంట్లో తిరిగే మాట. ‘టెల్ మీ’ అనాలి, ‘టెల్ టు మీ’ కాదు. సెలవు చీటీలో మీరు ‘ఐ విల్ ఇన్‌ఫార్మ్ యు’ అని రాసినా, ‘ఐ విల్ లెట్ యు నో’ అని రాసినా బాగానే ఉంటుంది. లెక్చరర్ గారికైతే మొదటిదే రాయండి.

నోటీసుల్లో ‘ఇన్‌ఫార్మ్ టు’ ఎందుకు ఉంటోందన్నారు. దాని వెనక ఇంకో మాట చెయ్యి ఉంది. భీమవరం నుంచి వచ్చిన ఉత్తరానికి జవాబులో చెబుతాను.

ప్రశ్న: అయ్యా, ఆచంట వైపు ఒక గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నాను. దాళ్వా (రెండో పంట) చివర కాలువలు కట్టేసేటప్పుడు రైతులకు నోటీసు వేసి, ఇంగ్లిషు కాపీ పై ఆఫీసుకి పంపాలి. పాత ఫైలులో ‘ఇట్ ఈజ్ హియర్‌బై ఇన్‌ఫార్మ్‌డ్ దట్’ అని మొదలుపెట్టారు. అదే కొట్టి పంపేస్తున్నాను. తప్పేమైనా ఉందా?

జవాబు: ఉంది బాబూ. పై ఆఫీసు వాళ్లు కూడా అదే రాస్తారు కాబట్టి మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. అయినా అడిగారు కాబట్టి చెబుతాను.

‘ఇన్‌ఫార్మ్’కి కర్మ మనిషి అనుకున్నాం. వాక్యాన్ని తిరగేసి ‘తెలియజేయబడినది’ అని రాస్తే, ముందుకు రావలసింది ఆ మనిషే. ‘యు ఆర్ హియర్‌బై ఇన్‌ఫార్మ్‌డ్’ ఒప్పు. ‘ఆల్ ఫార్మర్స్ ఆర్ ఇన్‌ఫార్మ్‌డ్’ ఒప్పు. ‘ఇట్ ఈజ్ ఇన్‌ఫార్మ్‌డ్’లో మనిషే లేడు. ఎవరి చెవిన వేశారో తెలియకుండా వేసిన కబురది. ‘దిస్ ఈజ్ టు ఇన్‌ఫార్మ్ దట్’ అనేదీ ఇలాంటిదే. మధ్యలో ‘యు’ జారిపోయింది. ‘దిస్ ఈజ్ టు ఇన్‌ఫార్మ్ యు దట్’ అని రాస్తే సరిపోతుంది.

మనిషి పేరెత్తకుండా ప్రకటన చేయాలంటే ‘నోటిఫై’ వాడుకోవచ్చు. ‘ఇట్ ఈజ్ హియర్‌బై నోటిఫైడ్ దట్’ గెజిట్ భాష, అది చెల్లుతుంది. మన దేశంలో ప్రభుత్వం నియమాలను ‘నోటిఫై’ చేస్తుంది, ఉద్యోగాలను ‘నోటిఫై’ చేస్తుంది. నిరుద్యోగులైతే ‘నోటిఫికేషన్ పడిందా?’ అనే అడుగుతారు. గెజిట్‌లో వేశారంటే అందరికీ తెలిసినట్టే అని చట్టం లెక్క.

మా ఆఫీసు ముచ్చట ఒకటి ఇక్కడ చెప్పాలి. వరద రోజుల్లో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఎంతో గంట గంటకీ ఫోనులో వచ్చేది. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకెని రిజిస్టరులో ఎక్కించి, పక్క గడిలో మనం ఏం చేశామో రాయాలి. 1986 ఆగస్టు వరద చూసిన గుమస్తాలు మాకు సీనియర్లు. వాళ్ల నుంచి మాకు, మా నుంచి కొత్త కుర్రాళ్లకి ఆ గడిలో ఒకే వాక్యం దిగుతూ వచ్చింది: ‘ఇన్‌ఫార్మ్‌డ్ టు ఆల్ కన్‌సర్న్‌డ్.’ 

ఒక ఏడాది కొత్తగా వచ్చిన డిప్యూటీ ఇంజనీరు (డీఈ) గారు ఆ రిజిస్టరు తిరగేశారు. 

‘ఈ కన్‌సర్న్‌డ్ ఎవరండీ?’ 

‘అందరూనండీ,’ అన్నాడు మా వాడు. 

‘అందరిలో ముందు ఎవరు?’ 

‘లాకుల దగ్గర లస్కరండీ.’ 

‘అతనికి చెప్పారా?’ 

‘చెప్పే ఉంటారండీ.’ 

డీఈ గారు కేకలెయ్యలేదు. స్కేలు తీసుకుని ఆ గడిని తానే మూడుగా గీశారు: టైము, ఎవరిని, ఎలా. ఆ రోజు నుంచి ‘2.40 ఎ.ఎం., ఇన్‌ఫార్మ్‌డ్ ది లస్కర్, బై ఫోన్’ అని రాయాల్సి వచ్చింది. రాయాలంటే ముందు చేయాలి కదా. ఆ ‘టు ఆల్ కన్‌సర్న్‌డ్’ మాటున అన్నేళ్లు ఎంతమంది హాయిగా కునుకు తీశారో నాకు తెలుసు గాని ఇక్కడ రాయను.

కాబట్టి నోటీసులో మనిషిని ముందు పెట్టండి. ‘ఆల్ ఫార్మర్స్ అండర్ దిస్ కెనాల్ ఆర్ హియర్‌బై ఇన్‌ఫార్మ్‌డ్ దట్ వాటర్ సప్లై విల్ స్టాప్ ఆన్’ అని, తేదీ వేయండి. నా మాట వింటే ‘హియర్‌బై’ కూడా తీసేయండి, వాక్యానికేమీ కాదు.

మీరు అడగలేదు గాని తెలుగు నోటీసు సంగతీ చెబుతాను. ‘ఇందుమూలముగా యావన్మంది రైతు సోదరులకు తెలియజేయడమేమనగా’ అన్నది చదివేసరికే రైతు సైకిలెక్కి వెళ్లిపోతాడు. ‘ఈ కాలువ కింద రైతులకు: ఫలానా తేదీ రాత్రి నుంచి నీళ్లు ఆపేస్తున్నాం. చివరి తడి ఆలోగా పెట్టుకోండి. మళ్లీ సార్వాకి (తొలి పంటకి) ఎప్పుడు వదిలేదీ తర్వాత చెబుతాం’ అంటే అయిపోయింది. టముకు వేసేవాడు కూడా ముందు ‘వినండహో’ అని జనాన్ని పిలిచి, ఆ తర్వాతే సంగతి చెప్పేవాడు. వాడి వరస ఇంగ్లిషు ‘ఇన్‌ఫార్మ్’ వరసే!

ప్రశ్న: రావులపాలెం నుంచి ఒక ఉపాధ్యాయుడు: ‘ది ఆఫీసర్ ఇన్‌ఫార్మ్‌డ్ మీ టు అటెండ్ ది మీటింగ్’ అని రాశాను. ఇక్కడ ‘ఇన్‌ఫార్మ్’ తర్వాత మనిషే వచ్చాడు. అయినా తప్పంటున్నారు.

జవాబు: తప్పే మాస్టారూ. ‘ఇన్‌ఫార్మ్’ సంగతిని మోస్తుంది, ఆజ్ఞని మోయదు. తెలుగులో ‘మీటింగుకి రమ్మని తెలియజేశారు’ అంటే ఇబ్బంది లేదు గాని ఇంగ్లిషులో పనులు పురమాయించడానికి వేరే మాటలున్నాయి. ‘టోల్డ్ మీ టు అటెండ్’, ‘ఆస్క్‌డ్ మీ టు అటెండ్’, గట్టిగా చెబితే ‘ఇన్‌స్ట్రక్టెడ్ మీ టు అటెండ్’. ‘ఇన్‌ఫార్మ్’నే పట్టుకుని వేలాడాలంటే ‘ఇన్‌ఫార్మ్‌డ్ మీ దట్ ఐ షుడ్ అటెండ్’ అనాలి.

పనిలో పని, ఇంకోటి. ‘ప్లీజ్ ఇన్‌ఫార్మ్ మీ వెన్ విల్ ది మీటింగ్ స్టార్ట్’ అని పిల్లలు రాస్తారు. ప్రశ్నని వాక్యం లోపల పెట్టాక అది ప్రశ్నలా తలకిందులుగా ఉండకూడదు. ‘వెన్ ది మీటింగ్ విల్ స్టార్ట్’ అనాలి. ఇది మీరు రోజూ దిద్దేదే అనుకుంటాను.

ప్రశ్న: భీమవరంలో రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో డాక్యుమెంట్లు చూస్తుంటాను సార్. అమెరికాలో మా కొనుగోలుదారుకి ‘కైండ్లీ ఇంటిమేట్ అస్ ది ఎరైవల్ ఆఫ్ ది కంటైనర్’ అని మెయిల్ పెట్టాను. అతను విషయం చెప్పాడు గాని చివర నవ్వు బొమ్మ ఒకటి పెట్టాడు. మా మేనేజరు నన్ను అడుగుతున్నాడు, ఏం రాశావని. టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడకండి. కంటైనర్ చేరింది, డబ్బులొస్తాయి. నవ్వు బొమ్మకి కారణం ఇది.

‘ఇంటిమెట్’ అని పలికితే విశేషణం. ఆత్మీయమైన, సన్నిహితమైన అని అర్థం. సినిమా వాళ్ల ఇంటర్వ్యూల్లో వినిపించే అర్థం కూడా అదే, నేను విడమరచక్కర్లేదు. ‘ఇంటిమేట్’ అని చివర సాగదీసి పలికితే క్రియ. అక్షరాలు రెంటికీ ఒకటే కాబట్టి కాగితం మీద తేడా కనపడదు. అమెరికాలోను, ఇంగ్లండులోను ఈ క్రియని ఈరోజుల్లో ఎక్కువగా ‘నర్మగర్భంగా సూచించు’ అన్న అర్థంలో వాడతారు. మంత్రిగారు రాజీనామా చేయవచ్చునని ‘ఇంటిమేట్’ చేశారంటే, ఆ ముక్క నేరుగా అనలేదు, సూచనగా వదిలారని. మన దేశం ఆఫీసుల్లో మాత్రం దీనికి ‘తెలియజేయు’ అనే అర్థం. ఇది మనం కల్పించిందేమీ కాదు. లాటిన్ ‘ఇంటిమారే’కి ఎరుకపరచడం అనే అర్థం. పాత అర్థం మన ఫైళ్లలో బతికి ఉంది.

ఇప్పుడు రాజోలు అమ్మాయికి బాకీ ఉన్న జవాబు. ‘ఇంటిమేట్’ వ్యాకరణం ‘ఇన్‌ఫార్మ్’కి ఎదురు. సంగతిని మనిషికి ‘ఇంటిమేట్’ చేస్తారు: ‘ఇంటిమేట్ ది డేట్ టు దిస్ ఆఫీస్’. అక్కడ ‘టు’ న్యాయంగా ఉండవలసిందే. ఏళ్ల తరబడి ‘ఇంటిమేట్ ది సేమ్ టు ది అండర్‌సైన్డ్’ రాసిన చేతులు, ఒకరోజు మాట మార్చి ‘ఇన్‌ఫార్మ్’ పెట్టాయి. ‘టు’ మాత్రం అక్కడే కూర్చుంది. మన ‘కు’ దానికి తోడైంది. నోటీసుల్లో మీరు చూస్తున్నది ఆ రెండూ కలిసి చేసిన పని. మీ మెయిల్‌లోనేమో ‘ఇంటిమేట్ అస్’ అని మనిషిని నేరుగా తగిలించారు, అక్కడ వచ్చింది ఆ నవ్వు.

మన ఆఫీసు నుంచి మన ఆఫీసుకి వెళ్లే కాగితంలో ‘ఇంటిమేట్’ ఉంటే నేను తప్పు పట్టను. అందరికీ అర్థమయ్యేదే. సముద్రం దాటే కాగితంలో వద్దు. ‘ప్లీజ్ లెట్ అస్ నో వెన్ ది కంటైనర్ ఎరైవ్స్’ అంటే చాలు. కాస్త లాంఛనంగా ఉండాలంటే ‘ప్లీజ్ నోటిఫై అస్ వెన్’ అనండి. మీరు రోజూ చూసే బిల్ ఆఫ్ లేడింగ్‌లోనే (ఓడకెక్కిన సరుకుకి ఇచ్చే రసీదు) ‘నోటిఫై పార్టీ’ అని ఒక గడి ఉంటుంది కదా. సరుకు చేరగానే ఎవరికి కబురు పెట్టాలో వాళ్ల పేరు అందులో రాస్తారు. ఆ రెండు మాటల్లోనే వ్యాకరణమంతా ఉంది: నోటిఫై చేయవలసింది పార్టీని. అయితే బ్రిటిష్ ఇంగ్లిషులో సంగతిని అధికారులకు ‘నోటిఫై’ చేయడం కూడా ఉంది. కొన్ని అంటురోగాలను ‘నోటిఫయబుల్ డిసీజెస్’ అంటారు, డాక్టరు వాటిని విధిగా ప్రభుత్వానికి తెలపాలి.

షిప్పింగ్ వాళ్లు, బ్యాంకుల వాళ్లు ‘అడ్వైజ్’ని కూడా తెలియజేయు అన్న అర్థంలో వాడతారు. ‘ప్లీజ్ అడ్వైజ్’ అని మెయిల్ వస్తే వాళ్లకి మీ సలహాలు అక్కర్లేదు, సంగతేమిటో చెప్పమంటున్నారంతే. అదే అర్థంలో ‘అప్రైజ్’ అనేది ఒకటుంది, ‘అప్రైజ్ హిమ్ ఆఫ్ ది డిలే’ అన్నట్టు. మనవాళ్లు దాన్ని జీతాలు పెంచే ‘అప్రైజల్’తో కలిపేస్తుంటారు, మీరు దాని జోలికి పోవద్దు.

ప్రశ్న: మండపేట నుంచి రాస్తున్నాను. మా పాప పుట్టినప్పుడు నింపిన జనన నమోదు ఫారంలో ‘ఇన్‌ఫార్మెంట్’ అని ఒక గడి ఉంది. అందులో మా మామగారి పేరు రాశారు. ఆయన దాన్ని చూసి ‘నేనేమన్నా పోలీసుల మనిషినా’ అని బాధపడ్డారు. ఆయనకి ఏం చెప్పమంటారు?

జవాబు: మామగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ మాటలో అవమానమేమీ లేదు. ‘ఇన్‌ఫార్మెంట్’ అంటే సమాచారం ఇచ్చిన వ్యక్తి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద పుట్టుకనైనా చావునైనా 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఎవరో ఒకరు ఆ సంగతి ఇవ్వాలి కదా. మనవరాలు పుట్టిన సంగతి ప్రభుత్వానికి చెప్పిన తాతగారు ఆయన. పటం కట్టించుకోవచ్చు.

ఆయన అనుకున్నది ‘ఇన్‌ఫార్మర్’. అది వేరే. రహస్యంగా పోలీసులకి ఉప్పందించేవాణ్ణి అలా అంటారు. గోదావరి పైనున్న ఏజెన్సీలో ‘ఇన్‌ఫార్మర్ నెపంతో’ అని పత్రికల్లో ఎన్నిసార్లు చదివామో! ఆ మాట వింటే పెద్దాయన ఉలిక్కిపడటంలో వింత లేదు. ఇంగ్లిషులో కూడా ‘ఇన్‌ఫార్మ్ ఆన్’, ‘ఇన్‌ఫార్మ్ ఎగైన్‌స్ట్’ అంటే ఒకరి మీద చాడీ మోయడం, పట్టివ్వడం. ‘ఐ ఇన్‌ఫార్మ్‌డ్ మై ఫాదర్ ఎబౌట్ మై బ్రదర్’ అంటే తమ్ముడి విషయం నాన్నకి చెప్పాను. ‘ఐ ఇన్‌ఫార్మ్‌డ్ ఆన్ మై బ్రదర్’ అంటే తమ్ముణ్ణి పట్టించాను. చిన్న ‘ఆన్’ ఎంత పని చేస్తుందో చూడండి.

ఎఫ్ఐఆర్‌లోనూ ఇదే మాట ఉంది. ‘ఫస్ట్ ఇన్‌ఫర్మేషన్ రిపోర్ట్’, అంటే ప్రథమ సమాచార నివేదిక. ఆ మొదటి సమాచారం ఇచ్చినవారు చట్టం దృష్టిలో ‘ఇన్‌ఫార్మెంట్’. ఇది ఇదివరకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 154వ సెక్షన్‌లో ఉండేది. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ కిందికి వచ్చింది. ఫిర్యాదు ఇచ్చినవారికి ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని పాత చట్టంలోనూ ఉంది, కొత్త చట్టంలోనూ ఉంది. స్టేషన్లో అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: నరసాపురం నుంచి ఒక తల్లి. మా అబ్బాయి కెనడాలో చదువుతున్నాడు. ఏదైనా ఊరు వెళ్తుంటే ‘ఇన్‌ఫార్మ్ మీ ఆఫ్టర్ రీచింగ్’ అని వాట్సాప్‌లో పెడతాను. ‘అమ్మా, నువ్వు కలెక్టరువా?’ అంటున్నాడు. నేను రాసింది తప్పా అండీ?

జవాబు: తప్పు కాదమ్మా. మరీ సర్కారీగా ఉంది, అంతే. ఇంగ్లిషు ఇంట్లో ‘ఇన్‌ఫార్మ్’ చొక్కా బొత్తాలన్నీ పెట్టుకుని వస్తుంది. అమ్మా కొడుకుల మధ్య ‘లెట్ మీ నో వెన్ యు గెట్ దేర్’ అంటారు. ‘రీచ్’ తర్వాత ఊరి పేరు గాని, ఇంటి మాట గాని ఉండాలి. ఒంటరిగా వదిలేయడం మన అలవాటు.

మనకి ఈ ‘ఇన్‌ఫార్మ్’ మీద మక్కువ ఎక్కడిదంటే, టెలిగ్రాం రోజుల ప్రభావం కొంత ఉందని నా అనుమానం. అందులో మాట మాటకీ డబ్బు. ‘లెట్ మీ నో’ మూడు మాటలు, ‘ఇన్‌ఫార్మ్’ ఒక్క మాట. ‘రీచ్‌డ్ సేఫ్లీ’, ‘స్టార్ట్ ఇమ్మీడియట్లీ’, ‘ఇన్‌ఫార్మ్ అరైవల్’ ఇవన్నీ పోస్టాఫీసు కౌంటరు దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టి రాసిన ఇంగ్లిషు. టెలిగ్రాం వచ్చిందంటేనే చదవకముందే ఏడుపులు లేచేవి, ఆ గొడవ వేరు. 2013 జూలైలో ఆ సర్వీసే ఎత్తేశారు. ఇప్పుడు మాటలకి డబ్బు లేదు కదా, కాస్త ధారాళంగా రాయండి.

నన్నడిగితే ‘చేరాక ఫోన్ చెయ్యి నాన్నా’ అని తెలుగులోనే పెట్టండి. అప్పుడు కలెక్టరు అంటాడేమో చూద్దాం.

ప్రశ్న: అమలాపురం నుంచి ఒక పాఠకుడు: ఒక ఇంగ్లిషు పుస్తక సమీక్షలో ‘హర్ విలేజ్ చైల్డ్‌హుడ్ ఇన్‌ఫార్మ్స్ హర్ స్టోరీస్’ అని చదివాను. ఆమె బాల్యం ఆమె కథలకు తెలియజేస్తుందా? నిఘంటువు చూసినా బోధపడలేదు.

జవాబు: ఇక్కడ లాటిన్ నాటి పాత అర్థం పైకి తేలింది. మలచడం, లోపలి నుంచి రూపం ఇవ్వడం. ఆమె పల్లెటూరి బాల్యం ఆమె కథల్లో జీర్ణించి ఉంది, వాటిని తీర్చిదిద్దింది అని భావం. ‘ప్రభావం చూపింది’ అంటే కొంత దగ్గరగా వస్తుంది గాని, ప్రభావం బయటి నుంచి కూడా పడొచ్చు. ఇది కథలో కలిసిపోయి ఉండేది. మన ప్రాంతం రచయితల కథల్లో ఏటిగట్టు, పంటు దాటడం, కొబ్బరి తోటలు మాటిమాటికీ పేరెత్తి చెప్పకపోయినా మనుషుల మాట తీరులోనే గోదావరి వినిపిస్తుంది చూడండి, దాన్ని ఈ ‘ఇన్‌ఫార్మ్’తో చెప్పొచ్చు. సమీక్షలు రాసే కుర్రాళ్లు ఈమధ్య దీన్ని ప్రతి పేరాలోనూ వాడుతున్నారు, నాకైతే కొంచెం విసుగు.

‘ఇన్‌ఫార్మ్‌డ్ డెసిషన్’, ఆపరేషన్ ముందు సంతకం పెట్టించుకునే ‘ఇన్‌ఫార్మ్‌డ్ కన్సెంట్’లో ఉన్నది మామూలు అర్థమే. సంగతులన్నీ తెలిసిన మనిషి తీసుకున్న నిర్ణయం, తెలిసి ఇచ్చిన ఒప్పుకోలు. నర్సమ్మ కాగితం చాపి ‘ఇక్కడ పెట్టండి’ అంటే చదవకుండా చేసే సంతకం ఆ పేరుకు తగదు.

ప్రశ్న: ముమ్మిడివరం నుంచి పదో తరగతి విద్యార్థి: ‘ఇన్‌ఫార్మ్’కీ ‘ఇన్‌ఫార్మల్’కీ చుట్టరికం ఉందా?

జవాబు: ‘ఫార్మ్’ రెంటికీ ఒకటే. ముందున్న ‘ఇన్’ వేరు. ‘ఇన్‌ఫార్మ్’లో లోపలికి, ‘ఇన్‌ఫార్మల్’లో కాదు, లేదు. లాంఛనం లేనిది ఇన్‌ఫార్మల్. మంచి ప్రశ్న వేశావు నాన్నా, పరీక్షలో మాత్రం అడగరు.

ప్రశ్న: కొత్తపేట నుంచి ఒక రైతు: సమాచార హక్కు కింద దరఖాస్తు పెడుతున్నాను. ‘ప్లీజ్ ఫర్నిష్ మీ ది ఫాలోయింగ్ ఇన్‌ఫర్మేషన్స్’ అని రాయించాను. ఇంగ్లిషు సరిగ్గా లేదని తిప్పి పంపుతారేమోనని భయంగా ఉంది.

జవాబు: ‘ఇన్‌ఫర్మేషన్’కి బహువచనం లేదండి. ఎంత సమాచారమైనా ‘ఇన్‌ఫర్మేషనే’. విడివిడిగా చెప్పాలంటే ‘పీస్ ఆఫ్ ఇన్‌ఫర్మేషన్’, ‘ఐటమ్స్ ఆఫ్ ఇన్‌ఫర్మేషన్’ అంటారు. ‘ఫర్నిష్ మీ’ తర్వాత ‘విత్’ పెట్టాలి: ‘ప్లీజ్ ఫర్నిష్ మీ విత్ ది ఫాలోయింగ్ ఇన్‌ఫర్మేషన్.’

కానీ మీకు ఈ శ్రమ దేనికి? 2005 చట్టం ఆరో సెక్షన్ ప్రకారం దరఖాస్తు ఇంగ్లిషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని పెట్టుకోవచ్చు. మనకి తెలుగు. ఎందుకు అడుగుతున్నారో కారణం కూడా చెప్పక్కర్లేదు. ‘మా కాలువ పూడికతీతకి ఏ ఏడాది ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, బిల్లుల నకళ్లు ఇవ్వండి’ అని మీ మాటల్లోనే, కావలసిన ఏడాదులు స్పష్టంగా వేసి, ఆ ఆఫీసు పౌర సమాచార అధికారి పేర రాయండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగ్గా లేకపోతే, అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోండి. దానికీ 30 రోజుల గడువు ఉంటుంది, దాటిపోనివ్వకండి.